నెట్ ఇచ్చేవాళ్లకి మన గురించి ఏమేం తెలుస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఇంటికి ఫైబర్ కనెక్షన్ తీసుకునేటప్పుడు చూసుకోవాల్సిన సంగతులు రాసినాం కదా, దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ప్లాన్ల గురించి, స్పీడ్ గురించి అడిగినోళ్లు తక్కువ. "నెట్ ఇచ్చేవాడు మేం చేసేదంతా చూస్తాడా" అని అడిగినోళ్లే ఎక్కువ. కడప, కర్నూలు, అనంతపురం మూడు వైపుల నుంచీ అదే మాట. అందుకే ఈసారి పేజీలన్నీ దానికే. పేర్లు వెయ్యొద్దని చాలామంది కోరినారు, ఎవరి పేరూ వెయ్యలేదు, ఊరు మాత్రం ఉంచినాం.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. డిగ్రీ ఫైనలియర్ చదువుతాండా. మా ఇంట్లో కేబుల్ ఆయన దగ్గరే నెట్ తీసుకున్నాం. పోయిన నెల బిల్లుకి వచ్చి మా నాయనతో "మీ ఇంట్లో రాత్రి పదకొండు దాటినా నెట్ బాగా వాడతాండారే" అన్నాడు. అప్పట్నుంచి నాయన ఏమీ అనలేదు గానీ నన్ను చూసే చూపు మారింది. నేను చూసేది నా ఆరోగ్యం గురించి. పీసీఓడీ (నెలసరి తప్పే హార్మోన్ల సమస్య) ఉందని డాక్టరమ్మ చెప్పింది, అమ్మకి తప్ప ఇంట్లో ఎవ్వరికీ తెలీదు. ఇన్‌కాగ్నిటోలోనే చూస్తా, హిస్టరీ కూడా తీసేస్తా. ఆయనకి నేను చూసే సైట్లు కనపడతాయా?

జవాబు: కొంచెం పొడుగ్గానే చెప్తానమ్మా, ఎందుకంటే మిగతా అందరి ప్రశ్నలకీ నీ ప్రశ్నే మొదలు.

ముందు ఆ కేబుల్ ఆయన సంగతి చూద్దాం. మన ఊర్లల్లో కేబుల్ ఆపరేటర్లు చాలామంది పెద్ద కంపెనీ దగ్గర నెట్ తీసుకుని ఇంటింటికీ వైరు లాగి ఇచ్చేవాళ్లే, ఏపీ ఫైబర్‌నెట్ కూడా 2017 డిసెంబర్‌లో మొదలైనప్పట్నుంచీ లోకల్ కేబుల్ వాళ్ల ద్వారానే ఇళ్లకి వస్తోంది. ఇట్లాంటి ఆపరేటర్ చేతిలో ఉండేది బిల్లింగ్ ప్యానెల్. అందులో మీ ఇంటి యూజర్‌నేమ్, మీ ప్లాన్, లైన్ ఎప్పుడు కనెక్ట్ అయింది, ఎప్పుడు కట్ అయింది, ఎన్ని జీబీలు డౌన్‌లోడ్ అయినాయి, ఎన్ని అప్‌లోడ్ అయినాయి, మామూలుగా ఇంతవరకే ఉంటుంది. సైట్ల పేర్లు అందులో రావు. వాడింది నువ్వా, మీ తమ్ముడా, హాల్లో ఉన్న టీవీయా అనేది కూడా రాదు, ఇల్లు మొత్తానికీ ఒకటే లెక్క. ఆయన అన్న "రాత్రి పదకొండు" ఆ లెక్కలోంచి వచ్చిన మాటే తప్ప, నువ్వు ఏం చదివినావో చూసి అన్నది కాదు.

అయినా అది ఆయన అనకూడని మాట, ఇది గట్టిగా చెప్తున్నా. ఆ లెక్క ఉన్నది బిల్లు వెయ్యడానికి, లైన్ చెడిపోతే బాగు చెయ్యడానికి. వాకిట్లో నిలబడి ఇంటాయనతో ముచ్చట చెప్పడానికి కాదు. ఆ ఒక్క మాటతో ఒక ఆడపిల్ల ఇంట్లో ఎంత ఇరుకున పడుతుందో ఆయనకి తెలిసి ఉండదు, ఎవరైనా తెలియజెయ్యాలి. మీ అమ్మగారు చెప్పొచ్చు, "మా ఇంటి వాడకం గురించి ఎవరితోనూ మాట్లాడొద్దు" అని. మళ్లీ అట్లాగే చేస్తే పైన కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి ఆ నంబర్ రాసి పెట్టుకోండి, అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీల్ అథారిటీ అని ఉంటుంది, దానికి పోవచ్చు.

ఇంకొకటి, రూటర్ బిగించింది కూడా ఆయనే కదా, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఆయనకి తెలిసే ఉంటుంది, చాలా ఇళ్లల్లో డబ్బా మీద అతికించిన పాస్‌వర్డే ఇప్పటికీ నడుస్తుంటుంది. రూటర్ లోపలికి పోతే ఏ ఫోన్లు కనెక్ట్ అయి ఉన్నాయో ఒక్కో ఫోన్ పేరుతో సహా కనపడుతుంది, కొన్ని మోడళ్లలో ఏ ఫోన్ నుంచి ఏ సైట్‌కి పోయినారో ఆ పేర్లు కూడా లాగ్ అవుతాయి. అందుకని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చమని మీ ఇంట్లో ఎవరికైనా చెప్పు, అది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరేది. కంపెనీ దూరం నుంచే రూటర్‌ని సరిచేసే దారి ఒకటి ఉంటుంది, అది మన చేతిలో లేదు, కానీ ఇల్లిల్లూ తిరిగే మనిషి చేతిలోంచి తాళం తీసుకున్నట్టు అవుతుంది.

ఇప్పుడు ఆయన పైన ఉండే కంపెనీ. వాళ్లకి కనపడేది ఎక్కువే. ఫోన్‌లో ఏ సైట్ తెరిచినా ముందు ఆ పేరుకి ఉన్న నంబర్ కనుక్కోవాలి, దాన్నే డీఎన్ఎస్ అంటారు. మనం ఏమీ మార్చకపోతే ఆ ప్రశ్న పోయేది కంపెనీ వాళ్ల సర్వర్‌కే, అది కూడా ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో. రాత్రి 11:42కి ఫలానా కనెక్షన్ నుంచి ఫలానా సైట్ పేరు అడిగినారు, 11:43కి ఇంకో పేరు, ఇట్లా ఒక్కో లైనుగా రాసి పెట్టుకునే వీలు వాళ్లకి ఉంది. ఇది కాక సైట్‌తో కలిసే మొట్టమొదటి క్షణంలోనే బ్రౌజర్ "నాకు ఫలానా సైట్ కావాలి" అని పేరు బయటికి చెప్తుంది, తాళం, అంటే మధ్యలో ఎవరూ చదవలేనట్టు డేటాని మార్చెయ్యడం, పడేది దాని తర్వాతే, ఇట్లా పేరు ముందే చెప్పడాన్ని ఎస్ఎన్ఐ అంటారు. అంటే సైట్ పేరు రెండు చోట్ల బయటపడుతోంది.

తాళం పడినాక మాత్రం లోపలి సంగతి కంపెనీకి తెలీదు. అడ్రస్ బార్‌లో హెచ్‌టీటీపీఎస్ అని ఉంటుందే, ఆ చివరి ఎస్ చేసే పని అదే. ఒక ఉదాహరణ చూడు. నువ్వు తెలుగు వికీపీడియాలో పీసీఓడీ పేజీ తెరిచినావు అనుకో. అడ్రస్‌లో మొదట "టీఈ డాట్ వికీపీడియా డాట్ ఓఆర్‌జీ" అని ఉంటుంది, తర్వాత ఒక గీత, ఆ గీత తర్వాత పేజీ పేరు. గీతకి ముందున్నది కంపెనీకి కనపడుతుంది, కాబట్టి తెలుగు వికీపీడియా చదువుతున్నారని తెలుస్తుంది. గీత తర్వాతది కనపడదు, కాబట్టి చదివింది పీసీఓడీనో శ్రీకృష్ణదేవరాయలనో తెలీదు. వికీపీడియా 2015 జూన్ నుంచి మొత్తం ఈ తాళంతోనే నడుస్తోంది. గూగుల్‌లో కొట్టిన మాటలు కూడా అంతే, గూగుల్‌కి పోయినారని తెలుస్తుంది, ఏం వెతికినారో తెలీదు. కానీ వెతికినాక వచ్చిన లింకుల్లో ఒక ఆస్పత్రి సైటో, పిల్లలు పుట్టడం గురించిన సైటో నొక్కినావు అనుకో, ఆ సైట్ పేరు మళ్లీ బయటపడుతుంది.

బస్సులో కండక్టర్‌కి మనం ఎక్కడ ఎక్కినామో ఎక్కడ దిగినామో తెలుస్తుంది, సంచిలో ఏముందో తెలీదు, ఇదీ అట్లాంటిదే. అయితే కొన్ని చోట్ల దిగినారంటేనే పని ఏమిటో తెలిసిపోతుంది. సైట్ పేరులోనే జబ్బు పేరుంటే ఇంక లోపల తాళం ఉండి ఏం లాభం? "పేర్లే కదా కనపడేది, భయమెందుకు" అనేవాళ్లతో నాకు పడనిది ఇక్కడే. ఒక్క పేరు ఏమీ చెప్పకపోవచ్చు, కానీ నెల రోజుల పేర్లు, వాటి టైములు వరుసగా పెట్టి చూస్తే ఒక మనిషి గురించి ఇంట్లోవాళ్లకి తెలియనివి కూడా తెలిసిపోతాయి.

ఇన్‌కాగ్నిటో గురించి. అది నీ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, నీ ఫోన్ ఇంట్లో ఎవరైనా తీసి చూస్తారనే భయం ఉంటే దానికి బాగానే పనికొస్తుంది. కంపెనీ దగ్గర మాత్రం దాని వల్ల ఏమీ మారదు. ఇన్‌కాగ్నిటో తెరిచినప్పుడు వచ్చే పేజీలోనే ఆ ముక్క రాసి ఉంటుంది, ఎవరూ చదవరు గానీ. అమెరికాలో దీని మీదే 2020లో గూగుల్ మీద కేసు పడింది, ఇన్‌కాగ్నిటోలో కూడా గూగుల్ వివరాలు తీసుకుంటోందని, 2024లో ఆ పాత రికార్డులు చెరిపేస్తామని గూగుల్ ఒప్పుకుంది.

నువ్వు చెయ్యగలిగింది చెప్తా. ఫోన్ ఆండ్రాయిడ్ 9 లేదా ఆ తర్వాతది అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ లోపల ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, కొన్ని ఫోన్లలో కనెక్షన్స్, మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ అని తిప్పుకుంటూ పోవాలి, దొరక్కపోతే పైన సెర్చ్‌లో డీఎన్ఎస్ అని కొట్టు. అక్కడ ప్రొవైడర్ హోస్ట్‌నేమ్ అనేది నొక్కి, ఇంగ్లీషు అక్షరాల్లో "డీఎన్ఎస్ డాట్ గూగుల్" అని గానీ, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది "వన్ డాట్ వన్ డాట్ వన్ డాట్ వన్" అని గానీ కొట్టి సేవ్ చెయ్యి, డాట్ ఉన్న చోట చుక్క, వన్ అనేది అంకె కాదు అక్షరాల్లోనే. దీంతో పేరు అడిగే ఆ ప్రశ్న తాళం వేసుకుని పోతుంది. అప్పుడు ఆ పేర్లు గూగుల్‌కో క్లౌడ్‌ఫ్లేర్‌కో తెలుస్తాయి, మీ ఊరితో ఏ సంబంధమూ లేనివాళ్లకి తెలియడం నీ విషయంలో మేలే అనుకుంటా. ఎస్ఎన్ఐ మాత్రం మిగులుతుంది. దాన్ని కూడా దాచే ఈసీహెచ్ అనేది 2023 నుంచి క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఉంది గానీ అవతలి సైట్ కూడా సిద్ధంగా ఉంటేనే పని చేస్తుంది, చాలా సైట్లు ఇంకా సిద్ధంగా లేవు. అందుకని నీ జబ్బు గురించి వికీపీడియా, యూట్యూబ్ లాంటి పెద్ద సైట్లలో చదువుకో, చూసుకో, అక్కడ సైట్ పేరు వల్ల ఏమీ తెలీదు. మొబైల్ డేటా మీద చూస్తే కేబుల్ ఆయనకి అసలు లెక్కే ఉండదు, సిమ్ కంపెనీకి మాత్రం ఇంతకుముందు చెప్పినవన్నీ అట్లాగే కనపడతాయి.

పీసీఓడీ చాలామంది ఆడపిల్లలకి ఉండేదే, దాంట్లో దాచుకోవాల్సిన తప్పు ఏమీ లేదు. కానీ చెప్పాలా వద్దా, ఎవరికి చెప్పాలి అనేది నీ ఇష్టం, కేబుల్ బిల్లు దాన్ని తేల్చకూడదు.

ప్రశ్న: గుంతకల్లు, రైల్వేలో డ్యూటీ. ఇంటికి వాట్సాప్‌లోనే మాట్లాడేది, పిల్లల ఫోటోలు అందులోనే వచ్చేది. నెట్ కంపెనీ వాళ్లు అవి వినొచ్చా, చూడొచ్చా? స్టేషన్ వైఫైలో ఉన్నప్పుడు మరీ భయంగా ఉంటాది.

జవాబు: వినలేరన్నా, చూడలేరు కూడా. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి అందరి మెసేజ్‌లకీ, కాల్స్‌కీ ఈ చివర తాళం వేసి ఆ చివరే తీస్తుంది, మధ్యలో నెట్ కంపెనీ గానీ స్టేషన్ వైఫై గానీ ఎవరున్నా వాళ్లకి అందేది చదవరాని డేటానే. వాట్సాప్ వాడుతున్నారని, ఏ టైములో వాడినారని, ఎంత డేటా పోయిందని మాత్రం తెలుస్తుంది. ఆగకుండా రెండు వైపులా సమానంగా డేటా నడిస్తే అది కాల్ అని కూడా ఊహించొచ్చు. కాల్ ఒక్కోసారి నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కే కలుస్తుంది, అట్లా కలిసినప్పుడు అవతలివాళ్ల ఐపీ నంబర్, అంటే నెట్‌లో వాళ్ల కనెక్షన్‌కి అడ్రస్ లాంటి నంబర్, కనపడుతుంది. అది వద్దనుకుంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో అడ్వాన్స్‌డ్ లోపల కాల్స్‌లో ఐపీ అడ్రస్ దాచేది ఆన్ చేసుకోండి.

మీరు భయపడాల్సింది వేరే చోట. మామూలు ఎస్ఎంఎస్‌కి, మామూలు ఫోన్ కాల్‌కి ఈ తాళం లేదు, అవి సిమ్ కంపెనీ చేతుల మీదుగానే పోతాయి. అట్లాగే వాట్సాప్ బ్యాకప్, మీరు ప్రత్యేకంగా ఎన్‌క్రిప్షన్ ఆన్ చెయ్యకపోతే గూగుల్ ఖాతాలో ఆ తాళం లేకుండానే ఉంటుంది. స్టేషన్ వైఫైకి ఓటీపీ కొట్టి లోపలికి పోతాం కదా, కాబట్టి ఆ టైములో వాడింది మీ నంబరే అని వాళ్లకి తెలుస్తుంది, అంతే.

ప్రశ్న: ఆదోని మార్కెట్ యార్డ్ దగ్గర మాకు విత్తనాలు, పురుగుమందుల షాపు ఉండాది. రైతులకి ఫోన్‌పే కొట్టను సిగ్నల్ రాదని మా వైఫై పాస్‌వర్డ్ గోడకి రాసి పెట్టినాం. వాళ్లు ఏం చేసినా నీ మీదికే వస్తాది అంటాండారు మా పక్క షాపాయన. నిజమేనా? ఇంకోటి, మా వైఫైలో డబ్బులు కొడితే వాళ్ల పిన్ మాకు తెలుస్తాదని కొందరు రైతులు భయపడతాండారు.

జవాబు: మీ పక్కాయన చెప్పిందాంట్లో నిజం ఉందన్నా. కనెక్షన్ మీ ఆధార్ మీద ఉంది. మీ వైఫైలోంచి ఎవరు ఏ సైట్‌కి పోయినా బయటికి కనపడేది మీ కనెక్షన్ ఐపీ నంబరే, వచ్చినాయన ఫోన్ కాదు. ఇప్పుడు ఐపీ నంబర్లు చాలక కంపెనీలు ఒకే నంబర్ మీద ఎన్నో ఇళ్లని నడుపుతున్నాయి, అయినా ఏ నిమిషంలో ఆ నంబర్‌లోని ఏ పోర్ట్ (ఒకే ఐపీ మీద ఒక్కో కనెక్షన్‌ని వేరుచేసే చిన్న నంబర్) ఏ ఇంటికి ఇచ్చినారో రాసి పెట్టుకుంటారు, దాంతో వెనక్కి వెతుక్కుంటూ మీ షాపు దాకా రావొచ్చు. 2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ లైసెన్స్ షరతులు మార్చి, ఇట్లాంటి రికార్డులు అంతకుముందు ఒక ఏడాది ఉంచాలన్నదాన్ని కనీసం రెండేళ్లు చేసింది. అంటే ఇవాళ మీ వైఫైలో ఎవరో ఆన్‌లైన్ మోసం చేస్తే, ఏడాదిన్నర తర్వాత కూడా పోలీసులు ముందు మిమ్మల్నే అడగొచ్చు. మీరే చేసినారని దాంతో రుజువు కాదు, కానీ స్టేషన్‌కి పోయి చెప్పుకోవాల్సింది మీరే కదా, షట్టర్ దించి.

అట్లాగని రైతులకి వైఫై ఆపెయ్యమని నేను చెప్పను, మీరు చేస్తున్నది మంచి పని. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టండి, మీ షాపు కంప్యూటర్, సీసీ కెమెరాలు ఉన్న నెట్‌వర్క్ పాస్‌వర్డ్ గోడ మీద నుంచి తీసేయండి. గెస్ట్ పాస్‌వర్డ్ కూడా గోడకి రాయకుండా అడిగినవాళ్లకి మీరే కొట్టి ఇవ్వండి, వారానికోసారి మార్చండి, రాత్రి షాపు మూసేటప్పుడు రూటర్ ఆఫ్ చెయ్యండి.

పిన్ సంగతి, అది ఫోన్‌లోనే తాళం వేసుకుని బయల్దేరుతుంది, మీకు గానీ నెట్ కంపెనీకి గానీ తెలిసే దారి లేదు. ఆ యాప్ వాడినారని తెలుస్తుంది, ఎవరికి ఎంత కొట్టినారో తెలీదు. రైతులకి ధైర్యంగా చెప్పండి. పిన్ పోయేది నెట్‌లో కాదు, వెనక నిలబడి చూసేవాళ్ల వల్ల, పిన్ కొట్టండి డబ్బులొస్తాయి అని ఫోన్ చేసేవాళ్ల వల్ల. డబ్బులు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని కూడా చెప్పండి, అట్లా ఎవరిదైనా పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యమనండి.

ప్రశ్న: కడప నుంచి. ఫ్రీ వీపీఎన్ వేసుకుంటే నెట్ కంపెనీకి ఏమీ కనపడదంట కదా? ప్లేస్టోర్‌లో చాలా ఉన్నాయి, ఏది మంచిది?

జవాబు: నెట్ కంపెనీకి కనపడదు, ఆ మాట కరెక్టే. మీ డేటా అంతా ఒక గొట్టంలోంచి పోయినట్టు వీపీఎన్ సర్వర్‌కి పోతుంది, కంపెనీకి తెలిసేది ఆ సర్వర్ నంబరు, టైము, ఎన్ని జీబీలు అన్నవే. కానీ ఇంతసేపూ కంపెనీకి కనపడుతున్న సైట్ల పేర్లన్నీ ఇప్పుడు వీపీఎన్ వాడికి కనపడతాయి, అది కూడా ఎక్కడున్నాడో ఎవడో తెలియనివాడికి. నెట్ కంపెనీకి కనీసం మన దేశంలో లైసెన్స్ ఉంది, ఆఫీసు ఉంది, ఫిర్యాదు చేసే దారి ఉంది. ఫ్రీ వీపీఎన్ వాడు సర్వర్లకి, బ్యాండ్‌విడ్త్‌కి డబ్బులు ఎక్కడి నుంచి తెస్తున్నాడు అని ఒకసారి ఆలోచించండి. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొనింది, జనాలు అది తమని కాపాడే వీపీఎన్ యాప్ అనుకుని వేసుకున్నారు, ఎవరు ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారనేది దాంట్లోంచి ఫేస్‌బుక్‌కి పోయింది. 2018లో అది ఆపిల్ స్టోర్‌లోంచి పోయింది, మరుసటి ఏడాది మొత్తానికే మూసేసినారు. అంత పెద్ద కంపెనీ పేరుతో ఉన్నదే అట్లా చేస్తే ఊరూ పేరూ లేని యాప్‌ని నమ్మమని నేను ఎట్లా చెప్పేది? అందుకని ఏ ఫ్రీ యాప్ పేరూ రాయడం లేదు.

మన దగ్గర 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఐపీ నంబర్లు ఐదేళ్లు ఉంచాలి. దాని తర్వాత కొన్ని పెద్ద వీపీఎన్ కంపెనీలు ఇండియాలో ఉన్న సర్వర్లు తీసేసుకున్నాయి. వీపీఎన్ వాడటమే నేరమనే చట్టం దేశంలో లేదు, ఆఫీసు పనికి ఎంతోమంది వాడుతున్నారు. మీకు నిజంగా అవసరం ఉంటే డబ్బులు కట్టి, బయటి ఆడిటర్లతో తనిఖీ చేయించుకునే కంపెనీది తీసుకోండి. బ్యాంకు యాప్‌లు కొన్ని వీపీఎన్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు, అప్పుడు కంగారు పడకండి. మామూలుగా ఇంట్లో వాడుకునేవాళ్లకి ప్రొద్దుటూరు అమ్మాయికి చెప్పిన ప్రైవేట్ డీఎన్ఎస్ చాలు.

ప్రశ్న: అనంతపురం, రిటైర్డ్ టీచర్‌ని. ప్రభుత్వమో పోలీసులో అడిగితే కంపెనీ మన వివరాలు ఇచ్చేస్తుందా? దీనికి హద్దు అంటూ ఏమైనా ఉందా?

జవాబు: ఉంది మాస్టారూ, కాగితం మీద ఉంది, దాన్ని అమలు చేసేదీ తనిఖీ చేసేదీ ప్రభుత్వం మనుషులే అన్నది నా బాధ. నడుస్తున్న డేటాని మధ్యలో పట్టి చూడాలంటే ఐటీ చట్టం 69వ సెక్షన్, దాని కింద 2009లో వచ్చిన రూల్స్ ఉన్నాయి. మామూలుగా అయితే కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోం సెక్రటరీ రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి, ఆ ఆర్డర్ 60 రోజులు, పొడిగించుకుంటూ పోయినా 180 రోజులు దాటకూడదు, రివ్యూ కమిటీ చూడాలి. 2018 డిసెంబర్‌లో కేంద్ర హోం శాఖ ఈ పని చెయ్యగలిగిన 10 సంస్థల పేర్లు ప్రకటించినప్పుడు దేశంలో పెద్ద చర్చ జరిగింది, గుర్తుండే ఉంటుంది. ఈ హద్దులకి మూలం 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోన్ ట్యాపింగ్ మీద ఇచ్చిన తీర్పు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చినారు.

కానీ ఏ ఐపీ ఏ ఇంటిది, ఎప్పుడు ఎక్కడికి కనెక్ట్ అయింది లాంటి పాత రికార్డులకి హోం సెక్రటరీ దాకా పోనక్కర్లేదు, దర్యాప్తు చేసే అధికారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద అడగొచ్చు. ఆర్డర్ వేసేది, దాన్ని రివ్యూ చేసేది ఇద్దరూ ప్రభుత్వంవాళ్లే, జడ్జి ముందుకి పోయే ఏర్పాటు లేదు. మీలాంటి పెద్దలు దీని గురించి మాట్లాడాలి మాస్టారూ, పిల్లలకి పాఠం చెప్పినట్టే జనాలకీ చెప్పాలి. కంపెనీలు మన వివరాలు ఎట్లా వాడుకోవాలి అనేదాని మీద 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చినాయి, కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకి అమల్లోకి వచ్చేటట్టు పెట్టినారు. ప్రభుత్వ సంస్థలకి దాంట్లో పెద్ద మినహాయింపులు ఉన్నాయి.

ప్రశ్న: తాడిపత్రి. బోరు మోటార్ కాలిపోయిందని ఇంట్లో మాట్లాడుకున్నాం, సాయంత్రానికి ఫోన్‌లో మోటార్ల యాడ్లు. నెట్ వాళ్లు వింటాండారా?

జవాబు: నెట్ కంపెనీకి మీ ఫోన్ మైకు మీద అధికారం ఏదీ లేదు. ఇంట్లో ఎవరో ఒకరు మోటార్ రేటు వెతికి ఉంటారు, లేదా మెకానిక్ షాపుకి పోయినప్పుడు లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటుంది, ఒకే వైఫై మీద ఉన్న ఫోన్లకి ఒకే రకం యాడ్లు రావడం మామూలే. యాడ్లు పంపేది గూగుల్, ఫేస్‌బుక్, ఇంకా మీరు వేసుకున్న యాప్‌లు. వాళ్లకి తెలిసినంత నెట్ కంపెనీకి తెలీదు, ఎందుకంటే వాళ్లు తాళం లోపల ఉన్నారు. సెట్టింగ్స్‌లో ప్రైవసీకి పోయి మైక్రోఫోన్, లొకేషన్ ఏ యాప్‌లకి ఇచ్చినారో చూసి అక్కర్లేనివి తీసేయండి.

ప్రశ్న: కర్నూలులో కోచింగ్ కోసం హాస్టల్లో ఉంటాండా. ఇక్కడ వైఫై కావాలంటే ఏదో సర్టిఫికెట్ ఫైల్ పంపించి ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. చేసుకున్నా. మా ఫ్రెండ్ అది మంచిది కాదంటాడు. ఏమవుతాది అన్నా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజం తమ్ముడూ. ఈసారి వచ్చిన అన్ని ప్రశ్నల్లో నాకు ఎక్కువ గుబులు పుట్టించింది నీదే. పైన హెచ్‌టీటీపీఎస్ తాళం గురించి చెప్పినాను కదా, ఆ తాళం అసలు సైట్‌దేనా కాదా అని ఫోన్ చూసుకునేది ముందే నమ్మి పెట్టుకున్న సర్టిఫికెట్ల లిస్టుతో. నువ్వు హాస్టల్ వాళ్లది ఆ లిస్టులో చేర్చినావు. ఇప్పుడు వాళ్లు నెట్‌ని వడపోయడానికి పెట్టిన పెట్టె మధ్యలో కూర్చుని తాళం తీసి చదివి, తన తాళం వేసి పంపినా బ్రౌజర్‌కి అనుమానం రాదు, పేజీలు, కొట్టిన మాటలు, పాస్‌వర్డ్‌లు అన్నీ కనపడే వీలుంటుంది. ఆండ్రాయిడ్‌లో చాలా యాప్‌లు ఇట్లా మనం చేర్చిన సర్టిఫికెట్‌ని నమ్మవు, కాబట్టి బ్యాంకు యాప్, వాట్సాప్ వరకు నీకు ప్రమాదం తక్కువ, బ్రౌజర్‌లో చేసినవాటికే ఎక్కువ. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం దేశం మొత్తానికీ ఇట్లాంటి సర్టిఫికెట్ పెట్టించబోతే గూగుల్, మొజిల్లా, ఆపిల్ ముగ్గురూ తమ బ్రౌజర్లలో దాన్ని అడ్డుకున్నారు.

హాస్టల్ వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు, పిల్లలు పిచ్చి సైట్లు చూడకుండా ఆపాలని ఎవరో అమ్మిన పెట్టె కొని పెట్టి ఉండొచ్చు. కానీ సైట్లు ఆపడానికి ఇది అక్కర్లేదు, డీఎన్ఎస్‌లోనే ఆపొచ్చు, ఇది వార్డెన్‌కి మర్యాదగా చెప్పండి, నలుగురైదుగురు కలిసి పోండి, ఒక్కడివే పోవద్దు. కొన్ని కాలేజీల్లో వైఫై లాగిన్‌కి మాత్రమే పనికొచ్చే సర్టిఫికెట్ ఇస్తారు, ఫోన్‌లో అది వైఫై సర్టిఫికెట్ అని వేరేగా కనపడుతుంది, దాంతో ఈ ఇబ్బంది లేదు. నీది సీఏ సర్టిఫికెట్ అని ఉంటే తీసేయ్. సెట్టింగ్స్‌లో సెర్చ్ కొట్టి ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్ తెరువు, రెండు ట్యాబ్‌లుంటాయి, సిస్టమ్ అని ఉన్నదాంట్లో చెయ్యి పెట్టొద్దు, యూజర్ అని ఉన్నదాంట్లో హాస్టల్ పేరుతోనో ఆ పెట్టె కంపెనీ పేరుతోనో ఉన్నది నొక్కి రిమూవ్ చెయ్యి. తర్వాత వైఫై ఆఫ్ చేసి, మొబైల్ డేటా మీద, ఈ మధ్య బ్రౌజర్‌లో కొట్టిన పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకో, ముందు జీమెయిల్‌ది.